ఆవకాయ జాడీని పారబోయవద్దు

విశాఖపట్నం

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం చేరి నాలుగు రోజులైంది. చెల్లెమ్మ ఫోనులో వచ్చిన ఒక జాబితా చదివి బెంగపడి బంగాళాదుంప వేపుడు మానేసిందనీ, ఎండు నెత్తళ్ళు ఇంట్లోకి రానివ్వడం లేదనీ, అమ్మగారికి కారం తగిలితే నోరు మండుతోందని తెలిశాక ఆవకాయ జాడీని కూడా పారబోస్తానంటోందనీ, ఆ మాటకు అమ్మగారు అలిగి రెండు పూటలు ఉత్త మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారనీ రాశావు. నా ఉత్తరం చదివేదాకా ఆ జాడీని కదపవద్దని చెల్లెమ్మకు నా మాటగా చెప్పు. ఆమె భయాన్ని నేను తప్పుపట్టను. పోయిన ఏడాది మా బావగారికి అన్నవాహికలో, అంటే గొంతు నుంచి కడుపుకు తిండి దిగే గొట్టంలో, క్యాన్సర్ అని తేలినప్పుడు మా ఇంట్లోనూ ఇదే జరిగింది. అక్కయ్య వంటింటి డబ్బాలన్నీ నేలమీద పరిచి, వీటిలో ఏది ఆయన్ని ఇంత చేసిందో చెప్పమని నన్ను అడిగింది. ముప్పై ఏళ్ళు కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి గనుక నాకు తెలిసే ఉంటుందని ఆమె నమ్మకం. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆయన్ని అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకువెళ్ళి బయట బల్లమీద కూర్చున్న గంటల్లోనూ, ఇంటికి వచ్చాక నిద్రపట్టని రాత్రుళ్ళూ చదివి తెలుసుకున్నదే ఇప్పుడు నీకు రాస్తున్నాను.

ముందు ఆ జాబితా సంగతి చెప్పాలి. ఇలాంటి జాబితాల్లో చాలావాటికి మూలం ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ. అది ప్రపంచ ఆరోగ్య సంస్థలో భాగం. ఒక పదార్థం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందనడానికి ఆధారాలు ఎంత గట్టిగా ఉన్నాయో చూసి ఆ సంస్థ వాటిని వర్గాలుగా విడదీస్తుంది. రుజువు పూర్తిగా ఉంటే ఒకటో వర్గం, బలంగా అనుమానించదగినదైతే 2ఏ, కొంత అనుమానానికి తావుంటే 2బీ, ఏదీ తేల్చలేకపోతే మూడో వర్గం. చదివేవాళ్ళు పొరబడేది సరిగ్గా ఇక్కడే. ఆ అంకె చెప్పేది రుజువు ఎంత గట్టిదన్నదే గాని, ప్రమాదం ఎంత పెద్దదన్నది కాదు. చీమ కుడుతుందన్నది ఎంత నిజమో తేలు కుడుతుందన్నదీ అంతే నిజం. రెండింటినీ ఒకే వరుసలో రాసినంత మాత్రాన రెండింటి విషమూ ఒకటి కాదు.

మాంసం విషయమే తీసుకో. 2015 అక్టోబరులో పది దేశాలకు చెందిన 22 మంది నిపుణులు 800కు పైగా అధ్యయనాలను పరిశీలించి, సాసేజి, బేకన్, హామ్ వంటి నిల్వమాంసాలను ఒకటో వర్గంలోనూ, వేట, గొడ్డు, పంది మాంసాలను 2ఏ వర్గంలోనూ చేర్చారు. రోజూ 50 గ్రాముల నిల్వమాంసం తినేవారికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం 18 శాతం పెరుగుతుందని వారి లెక్క. ఈ 18 శాతం అన్న మాటే మనుషుల్ని హడలగొడుతుంది. వెయ్యిమందిలో పదిమందికి వచ్చే జబ్బు అనుకుంటే, ఆ వెయ్యిమందీ రోజూ తప్పకుండా ఆ మాంసం తిన్నప్పుడు అది సుమారు పన్నెండు మందికి వస్తుందని దాని అర్థం. పొగాకు కూడా అదే ఒకటో వర్గంలో ఉంది. కానీ నిల్వమాంసం ఎక్కువగా తినడం వల్ల ప్రపంచమంతటా ఏడాదికి సుమారు 34,000 క్యాన్సర్ మరణాలని అంచనా ఉంటే, పొగాకు వల్ల దాదాపు పది లక్షలు. మీ ఇంట్లో ఆదివారం పూట వండుకునే వేటమాంసం కూరకు చెల్లెమ్మ ఇంత కలత చెందనక్కరలేదు. పిల్లలు రోజూ డబ్బాలోకి సాసేజీలు అడిగితే మాత్రం కాదనమను.

ఇక ఆవకాయ. ఆ జాబితాలో 2బీ కింద ఆసియా సంప్రదాయ ఊరగాయలు అని ఉన్నమాట నిజమే. అయితే ఆ పరిశీలన చైనా, కొరియా, జపాన్ దేశాల్లో కూరగాయలను ఉప్పులో పులియబెట్టి నిల్వచేసే పద్ధతుల మీద జరిగింది. మామిడిముక్కకు ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె పట్టించి చేసే మన ఆవకాయ గురించి కాదు. ఎండు చేపలదీ అదే కథ. ఒకటో వర్గంలో ఉన్నది చైనా పద్ధతిలో నిల్వచేసిన ఉప్పుచేప. దానికి ముక్కు వెనుక, గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్‌తో సంబంధం తేలింది. మిగిలిన ఉప్పుచేపలను ఆ సంస్థే మూడో వర్గంలో ఉంచింది. మన ఫిషింగ్ హార్బరు దగ్గర ఇసుకమీద ఎండబెట్టే నెత్తళ్ళను ఆ చేపతో కలిపి చూడడం న్యాయం కాదు. కానీ ఉప్పు గురించి మాత్రం నేను నిన్ను తేలికగా వదలను. ఉప్పు ఎక్కువైతే కడుపు లోపలి పొర దెబ్బతింటుంది, హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అక్కడ ముందే తిష్ఠవేసి ఉంటే ఆ దెబ్బ మరింత లోతుకు పోతుంది, కడుపు క్యాన్సర్‌కు అది ఒక దారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాములకు లోపే ఉప్పు తినమంటోంది, అంటే ఒక చిన్న చెంచాడు. మనం చిన్నప్పుడు చేసినట్టు కంచంలో అన్నమంతా ఎర్రగా కలుపుకుని తినడం మానేసి, పప్పన్నంలోకి ఒక ముక్క నంజుకుంటే చాలు. నెత్తళ్ళను వండబోయే ముందు వేడినీళ్ళలో నానబెట్టి రెండుసార్లు కడగమను.

బంగాళాదుంప గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పిండిపదార్థాన్ని 120 డిగ్రీలు దాటిన వేడిలో వేయిస్తే అక్రిలమైడ్ అనే రసాయనం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. జంతువుల్లో అది క్యాన్సర్ కలిగించింది గాని, దాన్ని ఆహారంలో తిన్న మనుషుల్లో అలాంటి స్పష్టమైన సంబంధం ఇంతవరకూ కనబడలేదు. దుంపలను ఫ్రిజ్‌లో పెడితే వాటిలో చక్కెర పెరిగి, వేయించినప్పుడు అక్రిలమైడ్ ఎక్కువ కావచ్చు. అందుకని బయటే ఉంచి, నల్లగా మాడనివ్వకుండా లేత బంగారు రంగు రాగానే దించుకుంటే సరిపోతుంది. ఉడకబెట్టిన దుంపలో ఆ బెడదే లేదు.

చెల్లెమ్మ జాబితాలో లేనిదీ, ఆమె తప్పక భయపడవలసిందీ వేరే ఉంది. అది వేరుశనగ గుళ్ళకు పట్టే బూజు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన సంగతి నీకు చెప్పాలా? రోజుల తరబడి కరెంటు లేదు, ఇంట్లో గోడలే చెమ్మ కక్కాయి. వంటింటి మూల ఉన్న వేరుశనగ గుళ్ళ సంచి మూతి విప్పితే ముక్కిన వాసన గుప్పుమంది. కొన్ని గుళ్ళు ముడుచుకుపోయాయి, కొన్నిటి మీద పసుపు కలిసిన ఆకుపచ్చని నూగు పట్టింది. మా అమ్మ వాటిని కడిగి, మేడమీద చాప పరిచి మూడు రోజులు ఎండబెట్టి, దోరగా వేయించి పచ్చడి నూరింది. నేను పచ్చడినీ, మిగిలిన సంచినీ కలిపి పారేశాను. తుఫాను వేళ తిండిగింజలు పారబోశానని ఆమె కన్నీళ్ళు పెట్టుకుంది. కూర్చోబెట్టి కారణం చెప్పకుండా అంత కటువుగా చేసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను, కాని పారబోయడం మాత్రం సరైన పనే. ఆ బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు కారణమని పూర్తిగా రుజువైంది. కడిగితే పోదు, మామూలు వంట వేడికి నశించదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే, వాటికి వేసిన వేరుశనగ పిండిలో ఈ విషం బయటపడింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయినప్పుడు, ఆ కారణాన్ని పట్టుకున్నవారిలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఉన్నారు. హెపటైటిస్ బి ఉన్నవారికి ఈ విషం వల్ల ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పిల్లలకు ఆ టీకా వేయించారో లేదో ఒకసారి చూసుకో. గుళ్ళు కొద్దికొద్దిగా కొనుక్కుని, చాటలో పోసి, ముడుచుకున్నవీ రంగు మారినవీ ఏరేసి, మిగిలినవాటిని గాలి చొరని డబ్బాలో పెట్టమని చెల్లెమ్మకు చెప్పు. నోట్లో చేదు తగిలిన గింజను మింగకుండా ఉమ్మేయాలి.

బజ్జీల బండి గురించి అడిగావు కదా. బీచ్ రోడ్డులో సాయంత్రం బజ్జీ తినడం నేనూ మానలేదు. బండి దగ్గరికి వెళ్ళగానే మూకుడులోకి చూస్తాను. నూనె నల్లబడి, చిక్కబడి, అంచుల్లో నురగ కడుతుంటే వెనక్కి వచ్చేస్తాను. నూనెను మళ్ళీమళ్ళీ కాచినప్పుడు అది చెడి పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడరాదని 2018 జూలై నుంచి మన దేశంలో నిబంధన అమలులో ఉంది.

మా బావగారి సంగతికి వస్తాను. ఆయన పొయ్యి మీద నుంచి దించిన టీని దించినట్టే తాగేవారు, రోజుకు ఆరేడుసార్లు. చల్లారితే అది టీయే కాదనేవారు. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకు ముప్పు ఉండవచ్చని లియాన్ సంస్థ 2016లో దాన్ని 2ఏ వర్గంలో చేర్చింది. టీలో దోషం లేదు, దోషమంతా వేడిదే. కాఫీని ఆ ఏడాదే 2బీ నుంచి మూడో వర్గానికి దించారు. ఇరాన్‌లోని గోలెస్తాన్ ప్రాంతంలో యాభై వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 60 డిగ్రీలు, అంతకు మించిన వేడితో రోజుకు 700 మిల్లీలీటర్లకు పైగా టీ తాగినవారిలో ఈ క్యాన్సర్ దాదాపు 90 శాతం ఎక్కువగా కనబడింది. అయితే బావగారు పాతికేళ్ళు సిగరెట్లు కాల్చారు, పెళ్ళిళ్ళలో, స్నేహితుల మధ్య మద్యమూ తీసుకునేవారు. ఆ రెండూ ఒకటో వర్గంలోవే. ఆయనకు జబ్బు టీ వల్లే వచ్చిందని డాక్టరు అనలేదు, నేనూ అనలేను. అక్కయ్య ఇప్పుడు టీని గ్లాసులో నుంచి గ్లాసులోకి నాలుగుసార్లు తిరగబోసి ఇస్తోంది. గ్లాసును అరచేతిలో నిబ్బరంగా పట్టుకోగలిగినప్పుడే ఆయన పెదవికి తాకిస్తున్నారు. చికిత్స అయ్యాక ఇప్పుడు మెత్తని అన్నం తినగలుగుతున్నారు, ఉదయం పూట చోడి అంబలి తాగుతున్నారు. అంబలి తాగితే క్యాన్సర్ రాదని ఎవరైనా చెబితే నమ్మకు. పీచు ఎక్కువగా ఉండే ముడిధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ తక్కువన్నంతవరకు మాత్రం మంచి ఆధారాలున్నాయి. ఒంటిబరువు అదుపు తప్పితే పదమూడు రకాల క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందన్నదీ అంతే గట్టి మాట. దాన్ని నీ నడుము చూసుకుని చదువుకో.

ఇదంతా రాస్తున్నా నా మనసంతా నీ ఉత్తరంలోని ఒక్క మాట దగ్గరే ఉంది. భోజనమయ్యాక అమ్మగారు కిళ్ళీలో పొగాకు కాడ వేసుకోవడం మాత్రం మానలేదనీ, ఆ ఒక్క సరదా అయినా ఉండనిద్దామనుకున్నావనీ రాశావు. మా అమ్మమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. భీమిలి అవతల తీరపు పల్లెలో సాయంత్రం గడప మీద కూర్చుని, చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు మూసేది. గాలికి ఆరిపోదు, ఒళ్ళో ఉన్న బిడ్డ మీద నిప్పు రాలదు అనేది. ఆ అడ్డపొగ మన విశాఖ, శ్రీకాకుళం తీరంలో ఎందరు ఆడవాళ్ళకు అంగిలి క్యాన్సర్ తెచ్చిందో ఎన్నో దశాబ్దాలుగా వైద్యులు రాస్తూ వచ్చారు. అమ్మమ్మకు ముందు అంగిలి మీద తెల్లని పొర కట్టింది. తర్వాత కారం తగిలితే మంట అంది. పచ్చిమిరపకాయ వల్లేమో అనుకుని మేము కూరల్లో కారం తగ్గించాం. అలా ఏడాది గడిచిపోయింది.

అందుకే అమ్మగారి నోటి మంటకు ఆవకాయ కారణమన్న మాట నాకు మింగుడుపడడం లేదు. పొగాకు మాత్రమే కాదు, ఒట్టి వక్క కూడా ఒకటో వర్గంలోదే. వక్క నమిలేవారికి బుగ్గ లోపలి చర్మం బిగుసుకుపోయి, కారం తగిలితే మండి, నోరు పూర్తిగా తెరవలేకపోవడం చాలా మామూలు. అది క్యాన్సర్ కాదు గాని క్యాన్సర్‌గా మారగలదు. వెలుతురులో కూర్చోబెట్టి, మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత నోరు తెరవగలుగుతున్నారో లేదో చూడు. బుగ్గల లోపల, నాలుక పక్కన, అంగిలి మీద తెల్లని, ఎర్రని మచ్చలు గాని, రెండు వారాలకు పైగా మానని పుండు గాని ఉన్నాయేమో చూడు. ఏమీ కనబడకపోయినా ఈ వారంలోనే దంతవైద్యుడికి చూపించు. ఆమెను కోప్పడకు. కిళ్ళీ మానమని నా పేరు చెప్పి అడుగు, చిన్నప్పుడు నా మాట ఎప్పుడూ తీసేసేవారు కాదు. డాక్టరు ఏమన్నారో ఆ సాయంత్రమే ఫోను చెయ్యి, నేను ఇంట్లోనే ఉంటాను.

నీ మిత్రుడు