కిరాయిదారుల సంఘం, బల్లార్షా: ఈ ఏడాది పనుల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నియమం ఉంది కాబట్టి చదువుతున్నాను. చదవకపోతే ఎవరు ఏం చేశారో ఎవరికీ గుర్తుండదు, అదొకటి.

ఈ ఏడాది మన దగ్గరికి వచ్చిన గొడవల్లో ఎక్కువ భాగం ఒక్కటే: ఓనర్ చెప్పాపెట్టకుండా ఇంట్లోకి రావడం. కిరాయి పెంచడం, డిపాజిట్ తిరిగివ్వకపోవడం ఎప్పుడూ ఉన్నవే. చంద్రపూర్ జిల్లా ఎండల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు; కూలర్ ఎంతసేపు తిరుగుతోందో చూడ్డానికి కొందరు మిట్టమధ్యాహ్నం వస్తున్నారు. ఒకాయనైతే గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టి "చుట్టాలు దిగారా?" అని అడుగుతాడట.

బొగ్గు గనిలో నైట్ షిఫ్ట్ చేసే మన సభ్యుడొకరు పొద్దున ఇంటికొచ్చి పడుకున్నారు. భార్య బయట తాళం వేసి కూరగాయలకు వెళ్లింది. మాటలు వినబడి కళ్లు తెరిస్తే మంచం పక్కన ఓనర్, ఆయన వెనక ఎవరో కొత్త మనిషి, ఆ మనిషి చేతిలో టేపు. గోడ కొలుస్తున్నారు. "మీరు పడుకోండి, మేం చూసుకుని పోతాం" అన్నాడట ఓనర్. మారు తాళంచెవి ఆయన దగ్గరే ఉంది మరి. మనవాడు లుంగీ సర్దుకుని లేచి వాళ్లకే కుర్చీ వేశాడు. మాకు ఇది చెబుతూ ఆయన నవ్వాడు గానీ, పక్కన కూర్చున్న భార్య నవ్వలేదు.

దీని మీదే గుడి హాలులో సభ పెట్టాం. ఈ ఏడాది మన సంఘం చేసిన పని ఏదంటే అదే అని గట్టిగా చెబుతాను. కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. వకీలు గారు ఫీజు మాట ఎత్తకుండా వచ్చి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999లోని 28వ సెక్షన్ చదివి వినిపించారు. ఇల్లు చూసుకునే హక్కు ఓనర్‌కు ఉంది. కానీ ముందు తెలియజేసి, తగిన వేళలో రావాలి. లీవ్ అండ్ లైసెన్స్ మీద, అంటే కొంతకాలం ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందం మీద, ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. మనం ఓనర్‌ని రావద్దనడం లేదు, చెప్పి రమ్మంటున్నాం.

ఇక్కడ ఒక మాట. "24 గంటల ముందు నోటీసు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు" అనే మాటలు 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోవి. నమూనా అంటే నమూనానే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. ఫోన్‌లో అది చూపించి ఓనర్‌తో తగువు పెట్టుకుని మన సభ్యుడొకరు మాట పడి వచ్చారు. దానికి బదులు, అగ్రిమెంటు రాసుకునేటప్పుడే ఆ 24 గంటల మాట ఒక లైనుగా రాయించండి. మరాఠీలో ఉందని చదవకుండా సంతకం పెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. చదివించుకోండి, సిగ్గుపడకండి. రిజిస్టర్ చేయించే బాధ్యత ఓనర్‌దే అని 55వ సెక్షన్ చెబుతోంది. చేయించకపోతే, షరతుల విషయంలో కిరాయిదారు చెప్పిందే చెల్లుతుంది, అది తప్పని రుజువైతే తప్ప.

సభ తర్వాత చీటీలు అచ్చు వేయించాం. ఒకవైపు మరాఠీ, ఒకవైపు తెలుగు: "ఇల్లు చూడాలనుకుంటే రోజు, టైము, కారణం ముందు చెప్పండి." మరాఠీ తప్పులు దిద్దిన మాస్టారికి, సగం రేటుకే అచ్చు వేసిన ప్రెస్ అన్నకు, హాలు ఇచ్చిన గుడి కమిటీకి, అడగకుండానే రెండోసారి టీ పంపిన హోటల్ అక్కకు సంఘం తరఫున కృతజ్ఞతలు. మైకు తెచ్చిన తమ్ముళ్లకు కూడా.

ఇక నా బాధ. చీటీలు పంచడానికి వస్తామని సభలో చేతులెత్తినవాళ్లు చాలామంది. ఆదివారం పొద్దున స్టేషన్ దగ్గరికి వచ్చింది ముగ్గురం. అందులో ఒకరు ఖజాంచి గారు, మోకాళ్ల నొప్పితో. వాట్సాప్‌లో దండం బొమ్మలు పెట్టినవాళ్లు ఆ రోజు ఎక్కడున్నారో నేను అడగను. తాళంచెవి గొడవ మీద ఫిర్యాదు ఇవ్వడానికి పోతే ఫిర్యాదు తీసుకునే అధికారి "ఇల్లు ఆయనది, మీకేంటి?" అన్నారు. రెండుసార్లు తిరిగాం. మూడోసారికి మన సభ్యుడే "వద్దు సార్, ఇల్లు ఖాళీ చేయమంటాడు" అని వెనక్కి తగ్గాడు. ఆయన్ని తప్పుపట్టను. పిల్లల స్కూలు మధ్యలో ఇల్లు మారడం మాటలు కాదు. అయినా ఓనర్ మారు తాళంచెవి ఇచ్చేశాడు. మేం తిరుగుతున్న సంగతి ఆయన చెవిన పడి ఉంటుంది.

లెక్కలు: చందాలు పూర్తిగా రాలేదు. అచ్చు ఖర్చు, జిరాక్సులు, మైకు కిరాయి పోగా మిగిలింది స్వల్పం. వివరాలు ఖజాంచి గారి పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

కొత్త కమిటీలోకి పేర్లు ఇచ్చేవాళ్లు ఈ రోజే ఇవ్వండి. పంచగా మిగిలిన చీటీల కట్ట నా దగ్గరే ఉంది, పోయేటప్పుడు తలా పది పట్టుకెళ్లండి.

కార్యదర్శి