చిన్నీకి, ఓడ దిగే ముందు

చిన్నీ తల్లీ,

ఓడ మీద దేశాలు తిరుగుతూ చదివే మీ సెమెస్టర్ ఎట్ సీ అయిపోవస్తోందని, ఇంకో రెండు రోజుల్లో జర్మనీలో బ్రెమర్‌హేవెన్ చేరతామని, సామాను సర్దుతుంటే ఏడుపొస్తోందని రాశావు. మీ అమ్మ అది చదివి టెన్షన్ పడింది కానీ నా మనసు ఆ మెసేజ్‌లో ఇంకో మాట దగ్గర ఆగిపోయింది. "ఒక్కో దేశంలో ఐదారు రోజులున్నాం నాన్నా, ఇంటికొచ్చాక అందరూ ఘానా ఎలా ఉంది, వియత్నాం ఎలా ఉంది అని అడుగుతారు, నేనేం చూశానని చెప్పను, సిగ్గుగా ఉంది" అన్నావు. ఫోన్‌లో చెబుదామంటే నడి సముద్రంలో మీ నెట్ మాట మధ్యలోనే తెగిపోతోంది. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

సిగ్గుపడాల్సిందేమీ లేదమ్మా. ఆ అనుమానం నీకు కొచ్చిలోనే మొదలైంది.

ఓడ కొచ్చికి చేరకముందే క్లాసులో వాళ్ళంతా నీ చుట్టూ చేరి కులాల గురించి, పెళ్ళిళ్ళ గురించి, ఏం తినాలి, ఏం కట్టుకోవాలి అని అడిగారన్నావు. నువ్వేమో సెలవుల్లో కాకినాడ వచ్చి నాన్నమ్మ దగ్గర ఉండడమే తప్ప కేరళ ఎప్పుడూ చూడలేదు, మలయాళం ఒక్క ముక్క రాదు. ఫోర్ట్ కొచ్చిలో చీనా వలలు, మట్టాంచేరిలో 1568లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరం, అన్నీ వాళ్ళతో పాటు నువ్వూ మొదటిసారి చూశావు. తిరిగి ఓడ ఎక్కాక నీ రూమ్మేట్ "ఇండియా చూసేశాం" అంటే నీకు ఒళ్ళు మండింది. ఇందులో గోదావరి ఏది, మన కాకినాడ ఏది, తెలుగు ఏది అని నాకు పేద్ద మెయిల్ రాశావు. బాబాయి నాన్నమ్మని రైల్లో ఎర్నాకుళం దాకా తీసుకొచ్చాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఐదు రోజుల్లో నీకు మన మనిషన్నవాళ్ళే కనబడేవాళ్ళు కాదు.

ఆ మంట నీకు ఘానాలో పనికొచ్చింది. తేమా రేవులో దిగి ఎల్మినా కోట చూసొచ్చి రాసిన మెయిల్ నా దగ్గర దాచి ఉంచాను. పోర్చుగీసువాళ్ళు 1482లో బంగారం వ్యాపారానికి కట్టుకున్న కోట, తర్వాత మనుషుల్ని బంధించి అమ్మే చోటైపోయింది. గాలి ఆడని చీకటి గదులు, పడవల్లోకి తోసే ఆ సన్నటి గుమ్మం, అన్నీ రాశావు. చివర్లో ఏమన్నావంటే, కోట పక్కనే రేవులో జాలర్లు రంగురంగుల పడవల్లోంచి చేపలు దించుతున్నారు, పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు, ఈ ఊళ్ళో ఇప్పుడు బతుకుతున్నవాళ్ళ గురించి మాకెవరూ ఏమీ చెప్పలేదే అని. కొచ్చిలో నీకు ఆ కోపం రాకపోయి ఉంటే ఆ జాలర్లు నీ కంట పడేవాళ్ళు కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నీ ఊరు ఎవరి లెక్కలోకీ రాకపోతే ఎలా ఉంటుందో నీకు తెలిసింది కాబట్టే వాళ్ళ ఊళ్ళో ఏం వదిలేశారో వెతికావు.

ఇది చదువా, షికారా అని మన బంధువుల్లో చాలామంది అడిగారు. 1963 నుంచి నడుస్తున్న చదువు ఇది, రేవులో ఉన్నప్పుడు క్లాసులుండవు కానీ సముద్రం మీద ఆదివారమని కూడా చూడరు అని చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే నీ మెయిల్ చదివి వినిపిస్తాను.

ఇంకో సంగతి, నువ్వు వెళ్ళేలోపు చెబుదామనుకుని వీలుకాక ఉండిపోయింది. మలేషియాలో పెనాంగ్ నుంచి కొచ్చికి వస్తూ మీరు బంగాళాఖాతం దక్షిణపు అంచు దాటారు. అదే సముద్రంలో పైన, కాకినాడ పక్కనున్న కోరంగి నుంచి, ఆ తర్వాత కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి మన జిల్లాల వాళ్ళు ఓడలెక్కి కూలికి బర్మాలో రంగూన్ వెళ్ళేవారు. మన పెద్దవాళ్ళు దాన్ని రంగం అనేవారు, అక్కడివాళ్ళు మనవాళ్ళని కోరంగీలు అనేవారు. నాన్నమ్మ పెదనాన్న ఒకాయన అక్కడ బియ్యం మిల్లులో పనిచేశాడు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు వేలమందితో కలిసి కాలినడకన ఇండియాకి బయల్దేరాడు, ఇల్లు చేరలేదు. ఆయన అప్పులు తీర్చుకోవడానికి ఓడ ఎక్కాడు. ఎల్మినా గుమ్మంలోంచి వెళ్ళినవాళ్ళు ఎక్కలేదు, వాళ్ళని ఎక్కించారు. నువ్వు పాస్‌పోర్ట్, రిటర్న్ టికెట్ పెట్టుకుని ఎక్కావు. ఈ తేడా గుర్తుండాలి కానీ అది నీ మీద బరువు కాకూడదు. నువ్వు సంతోషంగా తిరిగినందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. భూమధ్యరేఖ దాటిన రోజు ఓడ మీద ఆనవాయితీ అని గుండు చేయించుకుని నవ్వుతున్న ఫోటో నాన్నమ్మకి పంపాను, ఏ దేవుడికి మొక్కుకుందిరా అని అడిగి ఆవిడ తెగ సంతోషపడింది.

ఇక్కడ తెలుగు సంఘం వాళ్ళు నీ చేత మాట్లాడిస్తామంటున్నారు. నిన్ను అడక్కుండా సరేననలేదు. ఒప్పుకుంటే మాత్రం పది దేశాల గురించి చెప్పాలని కూర్చోకు. ఘానాలో ఎల్మినా అనే ఊళ్ళో ఒక మధ్యాహ్నం ఉన్నాను, ఇది చూశాను, ఇది చూడలేదు అని చెప్పు, చాలు. ఏ దేశం బాగా నచ్చింది అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పాలని రూలేమీ లేదు. వచ్చాక కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోయినా పర్లేదు, మీ అమ్మకి నేను చెప్తాను.

ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్ మర్నాటికి మార్పించాను. బ్రెమర్‌హేవెన్‌లో జర్మన్ ఎమిగ్రేషన్ సెంటర్ అని ఒక మ్యూజియం ఉంది, అలసటగా లేకపోతే చూడు. 1830 నుంచి 1974 దాకా 70 లక్షల మందికి పైగా ఆ రేవు నుంచే అమెరికాకీ, ఇంకా దూర దేశాలకీ వలస వెళ్ళారు. నువ్వు అదే రేవులో దిగుతున్నావు కదా, వాళ్ళు ఏమేం మూటగట్టుకుని వెళ్ళారో చూస్తావని.

నెట్ దొరగ్గానే ముందు నాన్నమ్మకి ఫోన్ చెయ్యి. రంగం వెళ్ళిన ఆ పెదనాన్న పేరు నాకు సరిగా తెలీదు, ఏ ఊరి నుంచి ఎక్కాడో కూడా తెలీదు. ఆవిడకి ఎనభై దాటాయి, నేనడిగితే ఇప్పుడెందుకురా అంటుంది. నువ్వడిగితే చెబుతుంది, రాసుకో.

ప్రేమతో,
నాన్న