ఉల్లిపాయంత దెబ్బకు అంత పెద్ద శీర్షికా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో ఎన్‌సీసీ క్యాంపు గురించి ‘భుజాలు అదిరినా బెదరని బాలికలు’ అని వార్త వేసి పది రోజులైంది. ఆ రోజే ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. కోపంలో రాస్తే నా చేతిరాత నాకే అర్థం కాదని మా ఆవిడ పెన్ను పట్టుకుపోయింది. ఈలోగా మీరే తప్పు తెలుసుకుని సవరణ వేస్తారేమోనని రోజూ పొద్దున్నే పేపర్ తిరగేశాను. రైతుబజార్‌లో వంకాయ ధర తప్పు పడిందని సవరణ వేశారు. దీని ఊసే లేదు. ఇక లాభం లేదని రాస్తున్నాను.

వార్త అందరూ చదివిందే. ఫొటోలో ఆ అమ్మాయి పడుకుని గురిపెట్టింది .22 రైఫిల్‌తో, అంటే పిల్లలకు ఫైరింగ్ నేర్పే చిన్న రైఫిల్‌తో. కింద ‘ఏకే-47తో గురి చూస్తున్న క్యాడెట్’ అని రాశారు. ఏకే-47కి అరటికాయలా వంగిన మ్యాగజైన్ ఉంటుందని మా వీధిలో గోళీలాడే పిల్లలకు కూడా తెలుసు. అక్కడితో ఆగినా నేను ఊరుకునేవాణ్ణే. ‘ఒక్కో తూటా పేలినప్పుడు భుజం మీద వంద కిలోల బరువు పడినట్టవుతుంది, ఏమాత్రం పట్టు తప్పినా భుజం జారిపోతుంది’ అని కూడా రాశారు. ఎవరు చెప్పారయ్యా అంటే, నిపుణులట. ఆ నిపుణుణ్ణి ఒక్కసారి మా ఇంటికి పంపండి, టీ ఇచ్చి మరీ మాట్లాడతాను.

మాది మిలిటరీ మాధవరం. ఊరి పేరు ముందు ఆ మాట ఊరికే రాలేదు. ఇరవై నాలుగేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా రిటైరయ్యాను. అందులో చివరి మూడేళ్లు ఎన్‌సీసీ బెటాలియన్‌లో పిల్లలకు ఫైరింగ్ నేర్పాను. ఆ మూడేళ్లలో భుజం జారిన పిల్ల ఒక్కతీ లేదు. మోచేతులు గీరుకుపోయినవాళ్లున్నారు, గడ్డిలో చీమలు కుట్టి ఏడ్చినవాళ్లున్నారు. సాయంత్రం లెక్కలో ఒక ఖాళీ ఖోకా (పేలిన తూటా తొడుగు) తగ్గితే చీకటి పడేదాకా అందరం కలిసి గడ్డి దువ్విన రోజులూ ఉన్నాయి. భుజాలు మాత్రం దేవుడిచ్చిన చోటే ఉన్నాయి.

లెక్క చెబుతాను, మీ విలేకరిని కూడా రాసుకోమనండి. .22 గుండు బరువు 2.6 గ్రాములు. అది సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో పోతుంది. రైఫిల్ బరువు రెండున్నర కిలోల పైమాటే. గుండు ఎంత జోరుతో ముందుకు పోతుందో రైఫిల్ అంత జోరుతో వెనక్కి రావాలి, ఇది హైస్కూలు పాఠం. అయితే రైఫిల్ గుండు కంటే దాదాపు వెయ్యి రెట్లు బరువు కదా, అందుకని దాని వేగం గుండు వేగంలో వెయ్యో వంతుకు పడిపోతుంది. మందు నుంచి వచ్చే గ్యాస్ జోరు కలుపుకున్నా భుజానికి తగిలేది ఎంతంటే, ఒక మోస్తరు ఉల్లిపాయ జానెడు ఎత్తు నుంచి పడితే ఎంతో అంత. మీరు రాసింది వంద కిలోలు.

అవని లేఖరా చక్రాల కుర్చీలో కూర్చుని టోక్యో పారాలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలో కాంస్యం తెచ్చింది. ఆ పోటీలో పేల్చేది ఈ .22 తూటానే. వంద కిలోల తన్నుడు నిజమైతే ఆ కుర్చీ గోడ దాకా దొర్లిపోవాలి కదండీ! మన హైదరాబాదు అమ్మాయి ఈశా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌తో రజతం కొట్టింది. అదీ .22 తూటానే. ఆవిడ పతకం తెచ్చిన రోజు మీరూ మొదటి పేజీలోనే వేసి ఉంటారు.

అసలు తంటా ఎక్కడుందంటే, తుపాకీ ఎంత గట్టిగా తంతే అంత పవర్‌ఫుల్ అని జనం అనుకుంటారు. మా నాన్నగారి నుంచి వచ్చిన లైసెన్స్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ, ఒకటి నా దగ్గరుంది. సైన్యంలో నేను ఏళ్ల తరబడి మోసింది 7.62 ఎస్ఎల్ఆర్ రైఫిల్. ఈ రెండింటిలో భుజాన్ని గట్టిగా తన్నేది డబుల్ బ్యారెలే. ముప్పై గ్రాముల పైచిలుకు సీసపు గుళ్లను ఒక్కసారిగా తోస్తుంది, పైగా తుపాకీ తేలిక. ఎస్ఎల్ఆర్ గుండు తొమ్మిదిన్నర గ్రాములే, రైఫిల్ నాలుగు కిలోల పైన, తన్నుడులో కొంత లోపలి యంత్రమే మింగేస్తుంది. కానీ డబుల్ బ్యారెల్ గుళ్ల సత్తువ వంద మీటర్లు పోయేసరికే చాలావరకు చచ్చిపోతుంది. ఎస్ఎల్ఆర్ గుండు కిలోమీటర్ దూరంలో కూడా మనిషి ప్రాణం తీస్తుంది. మరి ఏది పవర్‌ఫుల్? భుజాన్ని అడిగితే ఒకటి చెబుతుంది, దూరాన టార్గెట్ దగ్గరికి పోయి చూస్తే ఇంకోటి తెలుస్తుంది. తెలియనివాళ్లనే అనడమెందుకు, మా యూనిట్‌కి 5.56 ఇన్సాస్ వచ్చిన కొత్తలో పాత జవాన్లు కూడా ‘ఇదేం రైఫిల్, తన్నడమే లేదు’ అని పెదవి విరిచారు.

సినిమాల్లో గుండు తగిలినవాడు పది అడుగులు వెనక్కెగిరి అద్దాలు పగలగొట్టుకుని పడతాడు. ఎస్ఎల్ఆర్ గుండు జోరంతా డెబ్బై కిలోల మనిషిలోనే ఆగిపోయినా, ఆ మనిషి కదిలే వేగం సెకనుకు పదకొండు సెంటీమీటర్లు. చంటిపిల్ల పాకుడు కూడా అంతకంటే వేగం. మనిషి పడిపోతాడు, కాదనను. లోపల దెబ్బకు కూలిపోతాడు, ఎగిరి పడడు. అంత ఎగిరేట్టుంటే కాల్చినవాడు కూడా అటువైపు గోడకు కొట్టుకోవాలి. సినిమావాళ్లకు టికెట్లు తెగాలి, అర్థం చేసుకోగలను. పేపర్‌కేం వచ్చింది?

భయం ఏం చేస్తుందో ఒకటి చెబుతాను. రెండు జడల అమ్మాయి, డిగ్రీ మొదటి సంవత్సరం. ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు గట్టిగా మూసేది, గుండు టార్గెట్‌కి ఓ మూల ఎక్కడో తగిలేది. ‘తుపాకీ తంతుంది ఉస్తాద్’ అంది. తర్వాత రౌండ్ నేనే లోడ్ చేసి, మందు లేని డ్రిల్ కార్ట్రిడ్జ్ పెట్టాను. ఆ అమ్మాయికి చెప్పలేదు. శిస్త్ తీసుకుంది, అంటే గురి చూసింది, నొక్కింది. టక్ మని చప్పుడు తప్ప ఏమీ లేదు. భుజం మాత్రం జానెడు ఎగిరింది, జడ వచ్చి ముఖం మీద పడింది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు, కాసేపటికి తనూ నవ్వింది. బట్‌ని, అంటే రైఫిల్ వెనక చివరని, భుజం గుంటలోకి గట్టిగా లాక్కుని, ఊపిరి బిగబట్టి మళ్లీ కాల్చమన్నాను. అయిదు గుండ్లూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. ఆ పిల్లను అప్పటిదాకా తన్నింది తను విన్న కబుర్లే.

పెద్ద రైఫిల్ తన్నదని నేను అనడం లేదు. బట్‌కీ భుజానికీ మధ్య సందు వదిలితే ఎస్ఎల్ఆర్ భుజం కమిలిపోయేలా కొడుతుంది, నాకూ కమిలింది. పిల్లలకిచ్చే .22కి ఆ లెక్క కట్టకండి అంటున్నాను. అలాగని .22ని ‘పిట్టల తుపాకీ’ అనేవాళ్లను చూసినా నాకు ఒళ్లు మండుతుంది. తన్నుడు లేకపోతే ప్రమాదం లేదని ఎవరన్నారు? ఆ చిన్న గుండు కిలోమీటర్ పైన పోతుంది, తగిలితే చంపుతుంది. మేము ఫైరింగ్ చేసిన రేంజ్ వెనక ఇప్పుడు ప్లాట్లు వేసి రంగురాళ్లు పాతారు. అనుమతులిచ్చినవాళ్లకు, గుండ్లు ఆగడానికి కట్టిన ఆ మట్టిగుట్ట ఎందుకుందో అడగాలని తోచలేదు. దాని మీద ఒక్క వార్త రాయండి, శీర్షిక నేనే పెడతాను.

మొన్న ఎన్నికలప్పుడు డబుల్ బ్యారెల్ అప్పజెప్పడానికి ఒక పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. తీసుకున్నాయన దాన్ని విరిచి ఖాళీనో కాదో చూడకుండానే గోడకు వాల్చాడు, గొట్టం తిన్నగా బెంచీ మీద కూర్చున్న ముసలమ్మ వైపు. చూసుకోండి బాబూ అంటే ‘మాకు తెలుసులే తాతగారూ’ అన్నాడు. రసీదు మీద ‘రైఫిల్-1’ అని రాశాడు. లైసెన్స్‌లో గన్ అని, రసీదులో రైఫిల్ అని ఉందని చెప్పి తిరిగివ్వడానికి నన్ను మూడుసార్లు తిప్పారు. రాసింది వాళ్లు, తిరిగింది నేను. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడం 2019 చట్ట సవరణ ప్రకారం రెండేళ్ల జైలు దాకా పోయే నేరం. పైకి పోయిన గుండు కింద పడక తప్పదు. అలాంటి వార్తను మీరే ఓసారి ‘అంబరాన్నంటిన సంబరం’ అని వేశారు.

ఇదంతా నా చాదస్తమని మీ డెస్క్‌లో నవ్వుకుంటారని తెలుసు. కానీ మీ వార్త వచ్చిన మర్నాడే మా పక్కింటాయన పేపర్ పట్టుకుని వచ్చాడు. వాళ్ల పిల్లా ఎన్‌సీసీలోనే ఉంది. ‘బాబాయ్ గారూ, భుజం జారిపోతుందట కదా, రేపు పెళ్లి కావాల్సిన పిల్ల’ అన్నాడు. గంటసేపు చెప్పాను. పెరట్లోంచి ఉల్లిపాయ తెచ్చి ఆయన భుజం మీద పడేసి మరీ చూపించాను. ‘మీరు మిలిటరీవాళ్లు, మీకు అలవాటు’ అని వెళ్లిపోయాడు. పేపర్లో వచ్చింది కదా మరి! ఆ పిల్ల క్యాంపుకు పోలేదు. కొత్త యూనిఫాం ఇస్త్రీ మడత విప్పకుండా బీరువాలో ఉంది.

వచ్చే నెలలో ఇంకో క్యాంపు ఉందట. ఈలోగా సవరణ వేయండి. జిల్లా పేజీలోనే, ఆ శీర్షిక ఎంత లావు అక్షరాల్లో వేశారో అంత లావు అక్షరాల్లో వేయండి. దయచేసి సంతాప ప్రకటనల కింద మూలకు తోయకండి.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
మాధవరం, పశ్చిమ గోదావరి జిల్లా
(పేరు వేయవద్దని మనవి. పక్కింటివాళ్లతో పొద్దున లేస్తే పని.)