ముందు విలీనం, వెంటనే జోన్ మార్పు: ఎందుకీ తొందర?

సంపాదకులకు,

మా కాలనీని ఆనుకుని ఉన్న సాగు భూమిని పట్టణ పరిధిలో కలిపి, నివాస జోన్‌గా మార్చి, కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇవ్వాలన్న ప్రతిపాదనను ఇక్కడివాళ్లం వ్యతిరేకిస్తున్నాం. ఇళ్లే వద్దని కాదు.

విలీనం, జోన్ మార్పు వేర్వేరు నిర్ణయాలు. రెంటినీ ఒకే సమావేశంలో ఆమోదించేస్తే ఇక చర్చ ఎక్కడ? పైగా జోన్ మార్పు భూమికి వర్తిస్తుంది, బిల్డర్‌కు కాదు. ఈరోజు రంగుల బొమ్మలు చూపించిన కంపెనీ రేపు ఆ భూమిని అమ్ముకుంటే, కొన్నవాళ్లు ఆ జోన్‌లో కుదిరినన్ని ఇళ్లు కట్టుకోవచ్చు. పార్కు, వెడల్పు రోడ్డు లాంటి నోటిమాట హామీలు ఒప్పందంలోకి ఎక్కకపోతే అడిగే దిక్కుండదు.

అసలు టెన్షన్ వాన నీటిది. నీరు ఇంకే నేలను కాంక్రీటుతో కప్పేస్తే ఆ నీరంతా పల్లానికే వస్తుంది, పల్లంలో ఉన్నది మేమే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రకారం, అంతే విస్తీర్ణం ఉన్న అడవితో పోలిస్తే నగరంలో వీధుల మధ్య ఉండే ఒక బ్లాకు నుంచి 5 రెట్లకు పైగా నీరు పారుతుంది. కాలువల ప్లాన్ ఏదని అడిగితే "అనుమతి వచ్చాక" అన్నారు. ఇదేం వరసో!

పన్ను ఆదాయం పెరుగుతుందట. పెరగొచ్చు. రోడ్లు, మురుగు లైన్లు, అగ్నిమాపక సేవల ఖర్చు మాత్రం ఏటా పట్టణం నెత్తినే పడుతుంది. ఆ లెక్క ఎవరూ చూపలేదు.

ట్రాఫిక్, వరద నీటి అధ్యయనాలు బయటపెట్టి, విలీనంపై విడిగా బహిరంగ విచారణ జరిపేదాకా ఓటింగ్ వాయిదా వేయాలి.

– కాలనీ నివాసి