గూళ్లున్న కొమ్మను నరికే ముందు తలెత్తి చూడాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

గుంటూరులో పొద్దుటి నుంచి రాత్రి పదింటి దాకా ఆటోల రొద తగ్గని ఒక బజారు వీధిలో మా ఇల్లు. మా మేడ వరండాకు ఎదురుగా, కూరగాయల బండ్లకు నీడనిస్తూ ఒక పాత నిద్రగన్నేరు చెట్టు ఉంది. తొలకరి తరువాత గుడ్డికొంగలు దాని మీద గూళ్లు కట్టుకోవడం తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను.

మామూలు రోజుల్లో చెరువు గట్టున బురద రంగులో కలిసిపోయి, ఎగిరినప్పుడు మాత్రమే తెల్లని రెక్కలు చూపే ఈ పక్షికి, గూడు కట్టే కాలం వచ్చేసరికి వీపు మీద ముదురు మెరూన్ రంగు ఈకలు వస్తాయి. మగది పుల్ల తెచ్చి అందిస్తే ఆడది దాన్ని కొమ్మల సందున ఇరికించి, కుదరలేదనిపిస్తే లాగి మళ్లీ పెడుతుంది. పొదిగే పక్షి లేచి నిలబడినప్పుడు లేత నీలం, ఆకుపచ్చ కలిసిన గుడ్లు మా వరండాలోంచి కనిపిస్తాయి. సుమారు మూడు వారాల పాటు రెండూ వంతులవారీగా పొదుగుతాయి. పిల్లలు పుట్టాక చేపలు, కప్పలు మోసుకొచ్చి వాటి నోట్లో కక్కడమే పని. అప్పటి నుంచి వీధిలో నీచు వాసన, బండ్ల మీద రెట్టలు. కింద వ్యాపారం చేసుకునేవారి ఇబ్బందిని నేను తక్కువ చేయడం లేదు. అయినా చెట్టు కింద కూరగాయలమ్మే ఆవిడ పైన పట్టా కట్టుకుని, "రెండు నెలలేగా అమ్మా, పసిపిల్లలున్న ఇల్లు" అని సర్దుకుంటుంది.

నిరుడు జూలైలో కరెంటు తీగలకు అడ్డమని కొమ్మలు కొట్టడానికి కొందరు పనివాళ్లు వచ్చారు. అరగంటలో పదకొండు గూళ్లు నేల రాలాయి. ఈకలైనా రాని పిల్లలను బుట్టలోకి ఎత్తుకున్నాం కానీ ఎక్కువ భాగం ఆ రాత్రి దాటలేదు. మేత తెచ్చిన తల్లిపక్షులు చీకటి పడేదాకా తీగల మీద నిలబడి, కొమ్మ లేని చోట చుట్టూ తిరిగాయి. కొమ్మలు కొట్టిన కుర్రవాడు కిందికి దిగి చూసి, "ముందే చెప్పి ఉంటే ఆ పక్క వదిలేసేవాళ్లం అమ్మా" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. చెట్టెక్కే ముందు పైన ఏముందో చూసి రమ్మని అతనికి ఎవరూ చెప్పలేదన్నదే నా బాధ.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను పాడుచేయడాన్ని, గూళ్లను కదిలించడాన్ని కూడా వేట అనే మాట కిందికే తెచ్చింది. ఆ చట్టం దట్టమైన అడవులకే తప్ప బజారు చెట్లకు కాదన్న భావన మనలో చాలామందికి ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, రాయలసీమలోని వీరాపురంలో ఊళ్లోకి వచ్చి గూళ్లు కట్టే పక్షులను పురుటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. మాకు కూతవేటు దూరంలోని ఉప్పలపాడు చెరువులో గూడబాతులకు ఆశ్రయం దొరికింది. ఊళ్లు చేయగలిగినది నగరం చేయలేదా?

వానాకాలంలో కొమ్మలు కొట్టకూడదని నిషేధం పెడితే చాలని కొందరు మిత్రులు అంటారు. అది సరిపోదు. గద్దలు చలికాలంలో గూళ్లు కడతాయి. వేసవిలో కాకులు, వాటి గూళ్లలో గుడ్లు పెట్టే కోయిలలు. కాబట్టి క్యాలెండరును కాక చెట్టును చూడాలి. అందుకు నిపుణులు అక్కర్లేదు, చెట్టు కింద నేల మీద తెల్లని రెట్టలే చెబుతాయి. పనికి రెండు రోజుల ముందు వీధివాళ్లకు కబురు చేసి, గూళ్లుంటే తీగలకు నిజంగా తగిలే కొమ్మను మాత్రమే తీసి, మిగతా పనిని పిల్లలు ఎగిరేదాకా ఆపాలి. ఆ రెండు నెలలూ చెట్టు కింద రోజూ నీళ్లు కొట్టి కడిగితే, చిరు వ్యాపారులకు పైన కట్టుకునే పట్టాలు ఇస్తే, చెట్టు కొట్టేయమనే ఫిర్యాదులు సగం తగ్గుతాయని నా అనుభవం.

మిగిలిన కొమ్మల మీద ఈ ఏడాది పద్నాలుగు గూళ్లు లెక్కపెట్టాను. ఆరింటిలో పిల్లలు బయటికొచ్చాయి, మిగతావాటిలో ఇంకా పొదుగుతున్నాయి. ఈ పిల్లలన్నీ ఎగిరేదాకా మా వీధిలో కొమ్మల పని వాయిదా వేయవలసిందిగా మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరు