విహారయాత్రల ఉపసంఘం వార్షిక నివేదిక: ఒక రోజు ప్రయాణాలు, రాత్రి బసలు

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవిలో స్థిరపడినవారు, ఉద్యోగరీత్యా కొన్నేళ్ళపాటు ఇక్కడ ఉంటున్నవారు అందరూ కలిసి ఈ దీవులను చూడాలన్న కోరికతో ఏర్పాటు చేసుకున్న విహారయాత్రల ఉపసంఘం, గడచిన జనవరి నుంచి డిసెంబరు వరకు చేసిన పనిని ఈ నివేదిక ద్వారా సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతోంది. ఏడాదిలో మూడు ఒక రోజు ప్రయాణాలు, మూడు రాత్రి బస ప్రయాణాలు జరిగాయి. ఒకటి తలపెట్టి మానుకోవలసి వచ్చింది. జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నందున వాటిని ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో, ఎక్కడ లెక్క తప్పామో వివరంగా రాసిపెడితే రేపు ఈ బాధ్యత తీసుకునేవారికి అక్కరకు వస్తుందన్నది మా ఉద్దేశం.

ముందుగా ఒక మాట. మన ప్రయాణాల్లో సగం మంది ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులు, అత్తమామలు. రెండు మూడు నెలలు ఉండి వెళ్ళిపోయే ఆ పెద్దవారు మళ్ళీ ఇంత దూరం వస్తారో రారో చెప్పలేం. అందుకని మోకాళ్ళ నొప్పులున్నవారు, మందులు వేళకు వేసుకోవలసినవారు హాయిగా వెళ్ళి రాగలరా అన్న ప్రశ్ననే ప్రతి ప్రణాళికకూ కొలతగా పెట్టుకున్నాం.

ట్రినిడాడ్‌లోని ఒక రోజు ప్రయాణాలు

జనవరిలో మధ్య ట్రినిడాడ్ ప్రయాణం జరిగింది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఈ దీవిలో ఏడాది పొడుగునా సాయంత్రం ఆరు గంటలకు అటూ ఇటూగా పొద్దుగూకుతుంది కాబట్టి, వేసవిలో పగలు పొడుగ్గా ఉంటుందన్న అలవాటు లెక్క ఇక్కడ చెల్లదు. ఆ రోజు చివర చూడవలసిన కరోని చిత్తడి నేలలో పడవలు మధ్యాహ్నం నాలుగు ప్రాంతాన బయలుదేరతాయి. ఆ సమయాన్ని ముందు ఖాయం చేసుకుని, మిగిలినవాటిని వెనక్కి లెక్కగట్టి అమర్చాం.

పొద్దున్నే కారపిచైమాలో దత్తాత్రేయ మందిరం ఎదుట ఉన్న 85 అడుగుల ఆంజనేయస్వామిని దర్శించుకున్నాం. మైసూరు దత్తపీఠానికి చెందిన ఈ క్షేత్రంలో ఒకరిద్దరు పెద్దవారు తమ ఊరి గుడిలో ఉన్నట్టే అరుగు మీద కూర్చుని హనుమాన్ చాలీసా పూర్తి చేసేదాకా కదల్లేదు. వారిని తొందరపెట్టలేదు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న వాటర్లూ సముద్రపు గుడి కథను బస్సులోనే అందరికీ చెప్పాం. శివదాస్ సాధు అనే కూలీ 1947లో చెరకు కంపెనీ భూమిలో గుడి కట్టుకుంటే 1952లో దాన్ని పడగొట్టి ఆయనను 14 రోజులు జైల్లో పెట్టారు. నేల మీద చోటు లేదన్నప్పుడు ఆయన సైకిలు మీద రాయీ సిమెంటూ మోసుకువెళ్ళి పాతికేళ్ళపాటు సముద్రంలోనే గుడి కట్టారు. అలల తాకిడికి దెబ్బతిన్న ఆ కట్టడాన్ని 1995లో ప్రభుత్వం తిరిగి నిర్మించింది. మేము వెళ్ళిన వేళ ఆటు కావడంతో గుడి చుట్టూ నీటికి బదులు బురద మేట కనిపించింది. పోటు వేళలు ముందే చూసుకుని ఉంటే నీళ్ళ మధ్య గుడిని చూసేవారం. ఈ లోపం ఉపసంఘానిది.

కరోనిలో మడ చెట్ల మధ్య కాలువల్లో గంటసేపు పడవలో వెళ్ళాక, పొద్దు వాలే వేళకు స్కార్లెట్ ఐబిస్ అనే ఎర్రటి పక్షులు గుంపులు గుంపులుగా వచ్చి ఒకే దిబ్బ మీది చెట్లకు చేరడం మొదలైంది. అవి తినే చిన్న పీతలు, రొయ్యల వల్లే వాటికి ఆ రంగు వస్తుందని పడవ నడిపే అతను చెప్పాడు. పచ్చటి చెట్టు పావుగంటలో మోదుగ పూసినట్టు ఎర్రబడిపోయింది. దోమల మందు రాసుకోమని ముందుగా చెప్పిన మాట విన్నవారు ఆ పావుగంటా ప్రశాంతంగా చూడగలిగారు.

మార్చిలో లా బ్రేయాలోని తారు సరస్సుకు వెళ్ళి వచ్చాం. సహజంగా ఊరిన తారు పైన గట్టిపడి ఉండే సుమారు 100 ఎకరాల ఈ సరస్సు మీద ఎండ ముదరక ముందే, గైడు వెంట, గట్టి అడుగున్న చెప్పులతో నడవాలి. పెద్దవారిలో చాలామంది గట్టు మీదే ఉండిపోయారు కనుక, వారి వరకు ఇది పెద్దగా ఉపయోగపడిన ప్రయాణం కాదని అంగీకరిస్తున్నాం.

టొబేగో: ఒక రోజా, ఒక రాత్రా?

ఏప్రిల్‌లో ఈ దేశపు రెండో దీవి అయిన టొబేగోకు ఒక రోజు ప్రయాణం ఏర్పాటు చేశాం. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవు నుంచి స్కార్‌బరో రేవుకు ఫెర్రీలో సముద్రాన్ని బట్టి మూడు నాలుగు గంటలు పడుతుంది. రేవుకు ముందుగా చేరుకోవలసిన సమయం, దిగాక మ్యాక్సీ టాక్సీ అనే చిన్న బస్సు ఎక్కి దీవి నైరుతి కొసన ఉన్న స్టోర్ బే తీరానికి చేరుకునే సమయం, తిరుగు ఫెర్రీకి మళ్ళీ ముందుగా రేవులో ఉండవలసిన సమయం తీసేస్తే, మన చేతికి మిగిలింది ఒక పూట కూడా కాదు. అద్దపు అడుగున్న పడవలో బక్కూ పగడపు దిబ్బ చూసి, సముద్రం నడిమధ్య నడుము లోతు నీళ్ళుండే నైలాన్ పూల్‌లో పిల్లలు దిగీదిగకముందే రండి రండి అని పిలవవలసి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి ఫెర్రీ బాగా ఊగి, చాలామందికి వాంతులయ్యాయి. రాత్రి ఇంటికి చేరేసరికి పెద్దవారు రెండు రోజులకు సరిపడా అలసిపోయారు. టొబేగో ఒక్క రోజులో వెళ్ళి రాదగిన చోటు కాదని ఆ రాత్రే ఉపసంఘం తీర్మానించుకుంది.

ఆగస్టులో అదే దీవికి రెండు రాత్రుల బసతో వెళ్ళినప్పుడు తేడా స్పష్టంగా తెలిసింది. నడవలేనివారు ట్రినిడాడ్‌లోని పియార్కో విమానాశ్రయం నుంచి అరగంటలోపే టొబేగోలోని క్రౌన్ పాయింట్‌లో దిగారు. మిగిలినవారు ఫెర్రీలో కింది అంతస్తున, ఓడ నడిమి భాగంలో కూర్చున్నారు. ఊపు అక్కడ తక్కువ. బయలుదేరే ముందు వాంతుల మాత్ర వేసుకుని, ఇడ్లీ వంటి తేలికైన తిండి తిని, శొంఠి ముక్క బుగ్గన పెట్టుకున్నవారిలో ఎక్కువమందికి ఇబ్బంది కలగలేదు.

రెండో రోజంతా మెయిన్ రిడ్జ్ అడవికి కేటాయించాం. 1776 ఏప్రిల్ 13న చట్టం చేసి కాపాడిన అడవి ఇది. చెట్లు నరికితే వానలు పోతాయని, వానలు పోతే చెరకు తోటలు ఎండుతాయని అప్పటివారు గ్రహించి చేసిన చట్టం కావడం వల్ల, అనంతపురం నుంచి వచ్చిన ఒక సభ్యుడి తండ్రిగారు ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడి, మా వైపు కూడా రెండు వందల యాభై ఏళ్ళ కిందట ఎవరైనా ఇలా ఆలోచించి ఉంటే బాగుండేదని అన్నారు. ఆయన మాటను ఈ నివేదికలో చేర్చడం భావ్యమనిపించింది.

భోజనం విషయంలో శాకాహారులకు కష్టం కలగలేదు. మొదటి రోజుకు పులిహోర కట్టుకుని వెళ్ళాం. తర్వాత బరా రొట్టెల మధ్య శనగల కూర పెట్టిచ్చే డబుల్స్, పప్పు నింపిన దాల్‌పూరీ దొరికాయి. చింతపండు గుజ్జులో పంచదార, మిరియం కలిపి చేసిన ఉండలను చూసి పెద్దవారు బాగా సంతోషపడ్డారు.

ఆ ప్రయాణంలోనే పెద్ద చిక్కు కూడా వచ్చింది. సముద్రం పోటెత్తడంతో మేము ఎక్కవలసిన ఆదివారం ఫెర్రీ రద్దయింది. మరునాడు పొద్దున్నే ఆసుపత్రి డ్యూటీ ఉన్న ఇద్దరు డాక్టర్లు, పరీక్ష ఉన్న ఒక విద్యార్థిని ఆందోళనలో పడ్డారు. విమానంలో ఉన్న కొద్ది సీట్లను వారికి, ఇన్సులిన్ నిల్వ అయిపోవస్తున్న ఒక పెద్దాయనకు కేటాయించి, మిగిలినవారం మరో రాత్రి బస చేశాం. బస యజమానురాలు అడగకముందే గదులు తెరిచి, రాత్రికి అన్నం వండి పెట్టింది. ఆమెకు సంఘం తరఫున కృతజ్ఞతలు తెలుపుతున్నాం. చివరి ఫెర్రీనే నమ్ముకోవడం మా పొరపాటు. దీవుల ప్రయాణంలో తిరుగు ప్రయాణం ముందు తేల్చుకుని, దానికి ఒక పూటో ఒక రోజో అదనంగా వదిలి, ఆ తర్వాతే చూడవలసిన చోట్లను పేర్చుకోవాలని ఆగస్టు తర్వాత నియమంగా రాసుకున్నాం. మందులు రెండు రోజులకు ఎక్కువగా తెచ్చుకోవాలన్నది దానికి జోడించిన షరతు.

గ్రాండ్ రివియర్‌లో ఒక రాత్రి

మే 30 ఈ దేశంలో భారతీయుల ఆగమన దినం. 1845లో ఫాతెల్ రజాక్ ఓడ వచ్చిన ఆ రోజు మొదలు 1917 దాకా 1,40,000కు పైగా భారతీయులు ఇక్కడికి కూలీలుగా వచ్చారు. మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ఓడల్లో తమిళులతో బాటు తెలుగువారూ ఉన్నారు. ఆ సెలవుతో కలిసివచ్చిన వారాంతంలో ఉత్తర తీరాన గ్రాండ్ రివియర్‌కు వెళ్ళాం.

లెదర్‌బ్యాక్ అనే భారీ సముద్రపు తాబేళ్ళు మార్చి నుంచి ఆగస్టు వరకు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో తీరం నిషిద్ధ ప్రాంతం కాబట్టి అనుమతి పత్రం, స్థానిక గైడు తప్పనిసరి. టోకో మీదుగా వెళ్ళే కొండదారి మలుపులను అర్ధరాత్రి దాటడం క్షేమం కాదు. అందుకే ఇది రాత్రి బసగా తప్ప సాగని ప్రయాణం.

పది దాటాక గైడు పిలుపు వచ్చింది. ఎర్ర దీపం వెలుగులో, ఎవరూ ఫోను బయటికి తీయకుండా, ఇసుక మీద మెల్లగా నడిచాం. మనిషికంటే పొడుగైన తాబేలు వెనక కాళ్ళతో గొయ్యి తవ్వుతోంది. ఒక కాలు గిన్నెలా మడిచి ఇసుక తోడి పక్కన పెట్టడం, రెండో కాలితో అంచు సర్దడం, మళ్ళీ మొదటి కాలు. గొయ్యి లోతు తన కాలికి అందనంతయ్యాక కదలిక ఆపి, తెల్లటి గుడ్లు రెండు మూడు చొప్పున జారవిడిచింది. కంటి వెంట కారే ఉప్పునీటిని చూసి ఏడుస్తోందా అని ఒక పాప అడిగితే, ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుందని గైడు చెప్పాడు. శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లను కాపాడే పనిలో చదువుకునే రోజుల్లో పాల్గొన్న మన సభ్యురాలు ఒకరు ఆ రాత్రి పిల్లలందరికీ రెండు తీరాల సంగతులూ కలిపి వివరించారు. తిరిగి గదులకు చేరేసరికి ఒంటి గంట అయింది. ఏడాది మొత్తంలో సభ్యులు అత్యధికంగా మెచ్చుకున్న ప్రయాణం ఇదే.

గ్రెనడా, జరగని గ్వాడెలోప్

ఫిబ్రవరిలో పొరుగు దీవి దేశమైన గ్రెనడాకు మూడు రాత్రుల ప్రయాణం జరిగింది. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి అక్కడికి వీసా అక్కరలేదు, విమానంలో గంట కూడా పట్టదు, తుఫానుల కాలం జూన్‌లో గాని మొదలుకాదు. అన్నీ అనుకూలించాయి. గ్రాండ్ ఆన్స్ తీరం, అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన గ్రాండ్ ఎటాంగ్ సరస్సు చూశాక గుయావ్‌లో జాజికాయలను వేరుచేసి ఆరబెట్టే కేంద్రానికి వెళ్ళాం. పోపుల పెట్టెలో ఎండిన కాయనే ఎరిగిన మన ఆడవాళ్ళ ముందు అక్కడి కార్మికురాలు పచ్చి పండును రెండుగా విప్పింది. పసుపుపచ్చటి కండ లోపల నల్లటి మెరిసే గింజ, దాని చుట్టూ ఎర్రటి వల అల్లినట్టు జాపత్రి. గుంటూరు నుంచి వచ్చిన ఒక తల్లిగారు ఆ జాపత్రిని వేలితో మెల్లగా విడదీసి, అరచేతిలో పరిచి, బిర్యానీలో వేసే ముక్క ఇంత అందంగా ఉంటుందని డెబ్బై ఏళ్ళొచ్చాక తెలిసిందన్నారు. 2004లో ఐవాన్ తుఫాను ఆ దీవిలోని జాజి చెట్లను చాలావరకు కూల్చివేసింది. మళ్ళీ నాటిన చెట్టు కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుందని ఆ కార్మికురాలు చెప్పిన మాట అందరి మనసులోనూ నిలిచింది.

డిసెంబరులో గ్వాడెలోప్ వెళ్ళాలనుకున్నాం. 1854 డిసెంబరు 24న ఓరెలీ అనే ఓడలో తొలి భారతీయ కూలీలు అక్కడ దిగారు. వారి వంశీకులు కపెస్టెర్‌లో నిలబెట్టుకున్న గుడిని చూడాలని సభ్యులు ఎంతో ఆశపడ్డారు. గ్వాడెలోప్ ఫ్రాన్సులో భాగమైనా, ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల షెంగెన్ ప్రాంతంలోకి రాదని, భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఆ దీవులకు చెల్లేలా ప్రత్యేకించి వీసా తీసుకోవాలని గుర్తించేసరికి ఆలస్యమైంది. షెంగెన్ వీసా చాలుననుకున్నది మేమే. బసకు కట్టిన బయానాలో కొంత తిరిగి రాలేదు. ఆశపెట్టి నిరాశపరచినందుకు సభ్యులను, ముఖ్యంగా ఆ ప్రయాణం కోసమే తిరుగు టికెట్టు వాయిదా వేసుకున్న పెద్దవారిని ఉపసంఘం క్షమాపణ కోరుతోంది.

వచ్చే ఏడాదికి ప్రతిపాదనలు

ప్రయాణాల సంఖ్యను ఆరు నుంచి నాలుగుకు తగ్గించి, అందులో మూడింటిని రాత్రి బసలుగా ఉంచాలని ఉపసంఘం ప్రతిపాదిస్తోంది. మే నెలలో గ్రాండ్ రివియర్, పోటు వేళ చూసుకుని మరోసారి వాటర్లూ, ఈస్టర్ తర్వాత టొబేగో ఇందులో ఉంటాయి. నాలుగోది ఫిబ్రవరిలో గ్రెనడా మీదుగా కారియకూ దీవి. 2024 జూలై 1న బెరిల్ తుఫాను ఆ చిన్న దీవిలో దాదాపు ప్రతి ఇంటినీ దెబ్బతీసింది. ఫెర్రీలో వెళ్ళి సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తే దారి ఖర్చు తప్ప అక్కడివారికి మిగిలేది తక్కువ. రెండు రాత్రులుండి, వారి బసల్లో పడుకుని, వారి చేతి వంట తిని రావాలన్నది మా కోరిక. ఏ బసలు తిరిగి తెరిచారో కనుక్కునే పని ఇద్దరు సభ్యులకు అప్పగించాం.

వీటిలో పాల్గొనదలచినవారు పేరుతో పాటు పాస్‌పోర్టు ఏ దేశానిది, దాని గడువు ఎప్పటివరకు, వాడుతున్న మందులేమిటి, మెట్లు ఎక్కగలరా, పడవలో తల తిరుగుతుందా అన్న వివరాలను కూడా రాసి, ప్రయాణానికి ఎనిమిది వారాల ముందుగా ఉపసంఘానికి అందజేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
విహారయాత్రల ఉపసంఘం తరఫున,
కార్యదర్శి