పండగ మూడు రోజులు, అరిసెల డబ్బా ముప్పై రోజులు

గుంటూరు, బ్రాడీపేట.

ప్రియమిత్రమా,

ఉభయకుశలోపరి. నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పరగడుపున షుగరు 198 వచ్చిందని, అందుకని ఈ వారమంతా రాత్రి భోజనం మానేస్తానని నువ్వు చెప్పగానే వద్దని గట్టిగా అన్నాను కాని, ఎందుకు వద్దో సరిగా చెప్పలేకపోయాను. పక్కన పిల్లలు గోల చేస్తుండగా రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నిరుడు సంక్రాంతి తరువాత నేనూ సరిగ్గా ఇదే పని చేశాను. భోగి నుంచి ముక్కనుమ దాకా మా అన్నయ్య ఇంట్లో ఉండి, కనుమనాడు మినుము తినాలి కదా అని గారెలు, వాటిలోకి నాటుకోడి పులుసు, మధ్యమధ్యలో అరిసెలు తిని, ఇంటికి తిరిగొచ్చి మీటరులో 212 చూసి భయపడిపోయాను. ఆ రాత్రి పలచని మజ్జిగ తాగి పడుకున్నాను. మర్నాడు పొద్దున మాత్ర వేసుకుని, టిఫిను చేయకుండా, తిన్నదంతా కరిగించాలన్న పట్టుదలతో ఎన్టీఆర్ స్టేడియానికి నడకకు వెళ్లాను. మూడో చుట్టులో చేతివేళ్లు వణకడం మొదలైంది. మంచు ఇంకా విడవని ఆ చలిలో చొక్కా వీపుకు అంటుకుపోయేంత చెమట పట్టింది. ఎదురుగా వస్తున్న మనిషి ముఖం మసకమసకగా కనిపించింది. పుణ్యాత్ముడెవరో నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, టీకొట్టు నుంచి పంచదార కలిపిన నీళ్లు తెచ్చి తాగించాడు. పది, పదిహేను నిమిషాలకు గాని తేరుకోలేదు.

తరువాత డాక్టరుగారు విడమరచి చెప్పారు. మనిద్దరం వేసుకునే మాత్రలో మెట్‌ఫార్మిన్‌తోపాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, మనం తిన్నా తినకపోయినా క్లోమాన్ని పురికొల్పి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. అన్నం మానేసి ఆ మాత్ర వేసుకుంటే షుగరు 70 కంటే కిందికి పోయే ప్రమాదం ఉంటుంది. అలా పోయినప్పుడు మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి. చెల్లెమ్మకు కూడా ఈ మాట చెప్పి ఉంచు. మాత్ర తగ్గించాలన్నా పెంచాలన్నా డాక్టరుగారిని అడిగే చేయాలి, మనంతట మనం చేయకూడదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన షుగరును పాడుచేస్తున్నది పండగ అనుకుంటాం కాని, నేను ఏడాదిపాటు నోటుపుస్తకంలో రాసుకున్న అంకెలు చూస్తే నాకు అర్థమైంది వేరు. పండగ మూడు రోజుల్లో ముగుస్తుంది, వంటింటి గట్టు మీద ఉన్న అరిసెల డబ్బా మాత్రం నెల రోజుల దాకా ఉంటుంది. కాఫీతో ఒకటి, మధ్యాహ్నం నిద్ర లేచాక సగం, ఎవరైనా వస్తే వాళ్లతోపాటు ఇంకొకటి. అవి మన లెక్కలోకి రావు, రక్తం లెక్కలోకి మాత్రం వస్తాయి. మూడు నెలల సరాసరి చూపే హెచ్‌బిఎ1సి పరీక్షకు ఆధారం ఎర్రరక్తకణాలు, వాటి ఆయుష్షు దాదాపు 120 రోజులు. నాలుగు పండగ పూటలు ఆ సరాసరిని పెద్దగా కదపలేవు, నెల రోజుల డబ్బా కదుపుతుంది. అందుకే ఈసారి ఊరి నుంచి రాగానే నాలుగు అరిసెలు ఉంచుకుని, మిగిలినవి పొట్లాలు కట్టి మా లైనులో వాళ్లందరికీ పంచాం. నీ డబ్బా ఇంకా నిండుగానే ఉంటుందని నాకు తెలుసు, ఈరోజే పంచేయ్.

బెల్లమే కదా, పంచదార కాదు కదా అని నువ్వు అనకూడదు. బెల్లంలో ఖనిజాలు కాస్త ఉన్నా ఎక్కువ భాగం సుక్రోజే. పైగా అరిసెలో బెల్లానికి తోడు బియ్యప్పిండి ఉంది.

ఇక అన్నం. మన భోజనంలో ఉన్న చిక్కు ఏమిటంటే, పచ్చడిలోకి కొంత, పప్పులోకి కొంత, కూరలోకి, చారులోకి, చివర పెరుగులోకి, ప్రతిదానికీ విడిగా అన్నం వడ్డించుకుంటాం. ఏ ఒక్కసారీ ఎక్కువ తిన్నట్టు అనిపించదు. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, మనం ఐదుసార్లు వడ్డించుకున్నది తూచి చూస్తే అది 400 గ్రాములు దాటడం నేను కళ్లారా చూశాను. ఇప్పుడు చిన్న గిన్నెడు అన్నం ఒకేసారి కంచంలో పెట్టుకుని, మారు అడగకుండా, దాన్నే అన్నింటికీ పంచుకుంటున్నాను. ముందుగా కూర, పప్పు సగం ఉత్తవే తిని తరువాత అన్నం మొదలుపెడితే తిన్నాక షుగరు అంతగా ఎగబాకడం లేదు. ఈ రోజుల్లో చిక్కుడుకాయలు, గోరుచిక్కుళ్లు, తోటకూర రైతుబజారులో లేతగా దొరుకుతున్నాయి. కంద, చేమదుంపల వేపుళ్లను మాత్రం కూర కింద కాకుండా అన్నం కింద జమకట్టుకో.

పొద్దున రాగిజావ తాగుతున్నానన్నావు. రాగులూ పిండిపదార్థమే, పైగా జావగా తాగితే త్వరగా అరిగి షుగరు తొందరగా పెరుగుతుంది. దానికంటే పొట్టుతో రుబ్బిన పెసరట్టు మేలు, ఉప్మా లేకుండా, అల్లప్పచ్చడిలో బెల్లం వేయకుండా. రెండు పూటలా భోజనం కాగానే మంచమెక్కకుండా పదిహేను నిమిషాలు నడువు, మేడ మీదైనా సరే. నా పుస్తకంలో అన్నిటికంటే స్పష్టంగా తేడా చూపించింది ఆ నడకే. తిన్న రెండు గంటలకు 230 చూపే మీటరు నడిచిన రోజున 180 దగ్గర ఆగింది.

నువ్వు ఈ రాత్రి భోజనం మానవద్దు. తగ్గించి తిను, వేళకు తిను. వారం రోజులు పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసిన అంకెలు రాసుకుని ఆదివారం ఆ కాగితం తీసుకుని రా. ఇద్దరి అంకెలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. పెసలు శనివారం రాత్రే నానబెట్టిస్తాను.

చెల్లెమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ స్నేహితుడు